లె కొర్బూజియే దాచిపెట్టిన ఇళ్లు

1921లో పారిస్ నుంచి వెలువడే ‘లెస్ప్రీ నువో’ పత్రికలో ఒక ఇంటి ఫొటోలు వచ్చాయి. స్విట్జర్లాండ్‌లోని లా షో-ద-ఫోన్ అనే ఊళ్లో గడియారాల కంపెనీ యజమాని అనతోల్ ష్వోబ్ కట్టించుకున్న ఇల్లది. తోట వైపు నుంచి తీసిన ఫొటోలో నేల మీద తెల్లటి జాడ ఒకటి కనిపిస్తుంది. నిజానికి అక్కడ పెర్గోలా, అంటే తీగలు పాకించే పందిరి, ఉండేది. ఫొటోలో దాన్ని చెరిపేశారు, జాడ మాత్రం మిగిలిపోయింది. పొదలు, గోడ మీదికి పాకిన తీగలు, ఆఖరికి కుక్కగూడు కూడా తీసేశారు. చుట్టూ ఏమీ లేకుండా ఇల్లొక్కటే బోడిగా నిలబడి ఉంటుంది. ఆర్కిటెక్చర్ చరిత్రకారిణి బియాత్రిస్ కొలొమినా ఈ సంగతంతా వివరంగా రాసింది.

చెరిపించింది ఆ ఇంటి ఆర్కిటెక్టే. తల్లిదండ్రులు పెట్టిన పేరు షార్ల్-ఎదువార్ జాన్‌రే. ఆ ఫొటోలు రావడానికి ఏడాది ముందే, 1920లో, లె కొర్బూజియే అని పేరు పెట్టుకున్నాడు. తర్వాత కొన్నేళ్లకి తన పనులన్నిటినీ సంపుటాలుగా అచ్చు వేయించినప్పుడు 1910 నుంచి 1929 దాకా అని చెప్పుకున్న మొదటి సంపుటిలో ష్వోబ్ ఇంటికి చోటే ఇవ్వలేదు. ఆ ఊళ్లోనూ పక్క ఊళ్లోనూ అంతకుముందు కట్టిన ఇళ్లకీ అదే గతి పట్టింది. ముందు తోటని చెరిపినవాడు, తర్వాత ఇళ్లకి ఇళ్లనే పక్కన పెట్టేశాడు.

నేను చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాను. ఆ ఇళ్లు చూడకపోతే లె కొర్బూజియే సగమే అర్థమవుతాడు. ఆధునిక ఆర్కిటెక్చర్ పాతదాన్నంతా తెగతెంపులు చేసుకుని ఒక్కసారిగా పుట్టుకొచ్చిందన్న కథ మనం చాలాకాలంగా వింటున్నాం. ఆ కథకి ప్రాణం పోసినవాళ్లలో ఆయనది ముందు వరస. కానీ ఆయన చేత్తో కట్టిన తొలి ఇళ్లే ఆ కథ నిలవదని సాక్ష్యం చెబుతున్నాయి. గ్రీకు గుడి దగ్గరా, రోమన్ ఇంటి దగ్గరా నేర్చుకున్నదాన్ని ఆయన ఎప్పుడూ వదిలిపెట్టలేదు. దాని మీదున్న నగలు తీసేశాడు, ఎముకల గూడు అలాగే ఉంచుకున్నాడు.

నేను చదువుకున్న కాలేజీలో లె కొర్బూజియే పాఠం విల్లా సవ్వాతో మొదలయ్యేది. పారిస్ దగ్గర పువాసీలో 1928-31 మధ్య కట్టిన తెల్లటి పెట్టెలాంటి ఇల్లు. దాన్ని చూపించి ఐదు సూత్రాలు చెప్పించేవారు: ఇంటిని నేల నుంచి పైకెత్తే స్తంభాలు, మేడ మీద తోట, గదులు ఎటు కావాలంటే అటు వేసుకోగల ప్లాను, ఈ మూల నుంచి ఆ మూలకి సాగే అడ్డకిటికీ, బరువు మోయని ముందు గోడ. పరీక్షలో ఇవి రాస్తే మార్కులు గ్యారంటీ. గ్రీకు, రోమన్ పాఠాలు అంతకుముందే అయిపోయి ఉండేవి. డోరిక్, అయోనిక్, కొరింథియన్ స్తంభాల బొమ్మలు గీసి, పేర్లు రాసి, పుస్తకం మూసేసేవాళ్లం. ఈ రెండు పాఠాల మధ్య ఒక దారి ఉందని, ఒకే మనిషి ఆ దారిలో నడిచాడని మాకెవరూ చెప్పలేదు. ఇన్నేళ్ల తర్వాత కూడా నాకు దాని మీద బాధ ఉంది. ఎందుకంటే అది చరిత్ర పేపర్‌తో పోయే సంగతి కాదు. ఇల్లెలా గీయాలో నేర్పే సంగతి.

లా షో-ద-ఫోన్ జూరా కొండల్లో, దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తున, ఫ్రాన్స్ సరిహద్దుకి దగ్గర్లో ఉంటుంది. 1794లో ఊరు కాలిపోతే నిలువు వీధులు, అడ్డ వీధులు గీసి మళ్లీ కట్టారు. ఊరికంతటికీ గడియారాల పనే బతుకుతెరువు. జాన్‌రే అక్కడే 1887లో పుట్టాడు. తండ్రి గడియారాల డయళ్ల మీద ఎనామిల్ వేసేవాడు, తల్లి పియానో నేర్పేది. కుర్రాణ్ని ఆర్ట్ స్కూల్లో చేర్చింది గడియారం కేసుల మీద చెక్కుడు పని నేర్చుకుంటాడని. అక్కడ షార్ల్ లెప్లాత్నియే అనే మాస్టారు అతణ్ని ఆర్కిటెక్చర్ వైపు తిప్పాడు.

మొదటి ఇల్లు విల్లా ఫాలే. ఇరవయ్యేళ్లు నిండేలోపే, 1906-07లో, స్థానిక ఆర్కిటెక్ట్ రెనే షాపలాజ్ అండతో కట్టాడు. ఏటవాలు కప్పు, దాని కింద త్రికోణపు గోడ నిండా ఆ కొండల్లో పెరిగే ఫర్ చెట్ల నమూనాలు. గ్రీసూ రోమూ ఇందులో ఎక్కడా లేవు. తర్వాతి రెండిళ్లు, స్టోట్జర్, జాక్‌మే, కూడా ఇంచుమించు ఈ దారిలోవే. నాకు ఇందులో పనికొచ్చేదిగా అనిపించేది ఒకటే: చెట్టుని చెట్టులా గీయకుండా త్రిభుజంగా కుదించి, ఆ త్రిభుజాన్ని పెంచుతూ తగ్గిస్తూ గోడంతా నింపాడు. కంటికి కనపడేదాన్ని కొలతలోకి దించే అలవాటు అప్పటికే ఉందన్నమాట. ఆ అలవాటుకి సరైన చదువు దొరకాల్సి ఉంది.

ఆ చదువు కాలేజీలో దొరకలేదు. ఆయన ఏ ఆర్కిటెక్చర్ కాలేజీలోనూ చదవలేదు. 1907లో ఇటలీ వెళ్లాడు, కానీ అప్పటికి ఇంగ్లిష్ కళా విమర్శకుడు రస్కిన్ ప్రభావం గట్టిగా ఉంది కాబట్టి చూపంతా మధ్యయుగపు గోడల మీదా బొమ్మల మీదా నిలిచింది. తర్వాత పారిస్‌లో ఓగుస్త్ పెరే దగ్గర పనిచేశాడు. కాంక్రీట్‌తో పిల్లర్లు, బీములు వేసి, గోడలని బరువు నుంచి తప్పించడం అక్కడ చూశాడు. పెరే కాంక్రీట్‌ని కొత్త సరుకుగానే వాడాడు, కానీ పిల్లరుకీ బీముకీ మధ్య పొందిక గ్రీకు స్తంభానికీ దూలానికీ ఉండాల్సిన పొందికలా ఉండాలని పట్టుబట్టిన మనిషి. కాబట్టి జాన్‌రేకి కాంక్రీటూ క్లాసికల్ క్రమశిక్షణా ఒకే చోట, ఒకే గురువు దగ్గర అందాయి.

1910 నవంబరు నుంచి కొన్ని నెలలపాటు బెర్లిన్ పక్కన పీటర్ బెరెన్స్ ఆఫీసులో ఉన్నాడు. గ్రోపియస్, మీస్ వాన్ డెర్ రోహ్ కూడా ఆ కొన్నేళ్లలో అక్కడ పనిచేసినవాళ్లే. ఏఈజీ కంపెనీ కోసం 1909లో బెరెన్స్ కట్టిన టర్బైన్ ఫ్యాక్టరీ ఉక్కూ గాజూ కలిసిన కట్టడం. అయినా దాని ఎదురుగా నిలబడి చూస్తే గుడి ముఖమే గుర్తొస్తుంది: వరసగా స్తంభాలు, మీద బరువైన కప్పు, రెండు మూలల్లో నిండు గోడలు. అదే బెరెన్స్ ఆ రోజుల్లోనే ఒక పురావస్తు శాస్త్రవేత్త కోసం బెర్లిన్‌లో గీసిన ఇంటికి ఏకంగా డోరిక్ స్తంభాల ముంగిలి పెట్టాడు. ఇరవయ్యో శతాబ్దపు ఆధునిక ఆర్కిటెక్చర్‌లో ముగ్గురు పెద్దలు ఒకే ఆఫీసు నుంచి, అదీ ఇలాంటి ఆఫీసు నుంచి వచ్చారంటే దాన్ని కాకతాళీయం అనుకోవడం నా వల్ల కాదు.

ఇక 1911. స్నేహితుడు ఆగస్ట్ క్లిప్‌స్టైన్‌తో కలిసి డాన్యూబ్ నది వెంట దిగువకి, బాల్కన్ పల్లెల మీదుగా ఇస్తాంబుల్‌కి, అక్కడి నుంచి ఏథోస్ కొండకి, ఏథెన్స్‌కి, తిరుగుదారిలో ప్రాచీన రోమన్ల ఊరు పాంపెయికి, రోమ్‌కి. నోట్‌బుక్కులు నింపుకుంటూ వెళ్లాడు. ఏథెన్స్‌లో అక్రోపోలిస్ కొండ మీదికి వారాల తరబడి ఎక్కి దిగాడు. అక్కడి ప్రాచీన గ్రీకు గుడి పార్థినాన్ ఆయన్ని పూర్తిగా లొంగదీసుకుంది. పన్నెండేళ్ల తర్వాత, 1923లో, ఆధునిక ఆర్కిటెక్చర్‌కి మ్యానిఫెస్టో అనదగ్గ తన పుస్తకంలో పార్థినాన్ ఫొటో పక్కన 1921 నాటి డెలాజ్ కారు ఫొటో పెట్టాడు. దాన్ని చూసి చాలామంది ఆయన గుడి స్థానంలో కారుని కూర్చోబెడుతున్నాడని అనుకుంటారు. అక్కడ ఆయన చెప్పింది వేరు. ఒక నమూనాని పట్టుకుని, తరాల తరబడి సానబెడుతూ పోతే గుడి పార్థినాన్ దాకా వచ్చింది, కారు కూడా అదే పద్ధతిలో మెరుగుపడుతోంది అని. కారుని పొగడటానికి ఆయన ఎంచుకున్న కొలబద్ద పార్థినాన్.

పాంపెయి దగ్గర మన తెలుగువాళ్లకి ఒక సౌలభ్యం ఉంది. రోమన్ ఇంటిని జాన్‌రే అంత శ్రద్ధగా ఎందుకు గీశాడో అర్థం కావాలంటే గోదావరి జిల్లాల మండువా లోగిలిని గుర్తు తెచ్చుకుంటే చాలు. వీధి తలుపు చిన్నది, నడవ చీకటి. ఆ చీకటి దాటగానే ఒక్కసారిగా నడిమింట్లో ఆకాశం. నాలుగు వైపుల కప్పులూ లోపలికి వాలి ఉంటాయి, వాన నీళ్లు నడిమి గుంటలో పడతాయి, మూలల్లో స్తంభాలు. పాంపెయిలోని పాత ఇళ్ల పద్ధతీ దాదాపు ఇదే. అక్కడ జాన్‌రే రాసుకున్నవన్నీ ఈ వరస గురించే: ముందు ఇరుకు, తర్వాత విశాలం, ముందు చీకటి, తర్వాత వెలుతురు, నాలుగు స్తంభాలు, ఎదురుగా ఇంటి ఇరుసు వెంట దూరంగా తోట. స్తంభం తల మీద ఏ పువ్వు చెక్కారన్నది ఆయనకి పట్టలేదు. మనిషి లోపలికి అడుగుపెట్టి ముందుకి నడుస్తుంటే ఇల్లు ఎలా విప్పుకుంటుందన్నది పట్టింది.

ఇవన్నీ తలకెక్కించుకుని ఊరికి తిరిగొచ్చిన పాతికేళ్ల కుర్రాడు 1912లో కట్టిన మొదటి ఇల్లు అమ్మానాన్నలది. ఊరి పైనున్న కొండవాలు మీద, విల్లా ఫాలేకి కూతవేటు దూరంలో. దాన్నిప్పుడు అందరూ తెల్ల ఇల్లు అంటారు. ఫర్ చెట్ల బొమ్మలు ఏమయ్యాయో తెలియదు. గోడలు నున్నగా, తెల్లగా ఉన్నాయి. కప్పు నాలుగు వైపులా వాలుతుంది.

ఈ ఇంటి ప్లాను ముందు ఎంతసేపు కూర్చున్నా నాకు విసుగు రాదు. మధ్యలో నాలుగు స్తంభాలు చతురస్రంగా నిలబడి ఉంటాయి. ఇల్లంతా వాటి చుట్టూ సర్దుకుంటుంది. ఒక పక్క గోడ అర్ధచంద్రాకారంగా బయటికి ఉబ్బుతుంది, రోమన్ కట్టడాల్లో, చర్చిల్లో గర్భాలయం దగ్గర గోడ ఉబ్బినట్టు. పై అంతస్తులో కిటికీలు ఒకదాని పక్కన ఒకటి పొట్టి స్తంభాల మధ్య వరసగా సాగుతాయి. వాటిని దూరం నుంచి చూస్తే అడ్డంగా పరిచిన ఒకే కిటికీలా కనిపిస్తుంది. పదిహేనేళ్ల తర్వాత ఐదు సూత్రాల్లో నాలుగోదిగా ఆయన ప్రకటించబోయే అడ్డకిటికీకి ఇది తొలి రూపం. ఇక్కడది గ్రీకు స్తంభాల వరసలోంచి పుట్టింది. మెషీన్లోంచి రాలేదు.

లోపలికి వెళ్లే దారి ఇంకా బాగుంటుంది. రోడ్డు మీద నిలబడితే ఎదురుగా తలుపు ఉండదు. ఇంటి పక్క నుంచి మెట్లెక్కి, గోడలు కట్టిన ఎత్తైన తోటలోకి వెళ్లి, పెర్గోలా పక్కగా నడిచి, అప్పుడు ఇంట్లోకి. ఇంట్లో అడుగుపెట్టే లోపలే ఆకాశం కప్పుగా ఉన్న ఒక గది దాటేశామన్నమాట. అక్రోపోలిస్ మీద కూడా పార్థినాన్ మనకి ఎదురుగా, తిన్నగా కనిపించదు. ద్వారమండపం దాటాక ఏటవాలుగా మూల కనిపిస్తుంది, చుట్టి వెళ్తే గానీ ముఖం చూడలేం. అది కొండ మీద చూసినవాడే ఇంటికి ఇలాంటి దారి గీయగలడు. విల్లా సవ్వా గురించి చెప్పేటప్పుడు అందరూ మెచ్చుకునే నడక, కింది నుంచి ర్యాంప్ మీదుగా మేడ మీది తోట దాకా వెళ్లే ఆ నడక, మొదలైంది ఈ పెరట్లోనే.

తల్లిదండ్రులకి ఆ ఇల్లు మోయలేని బరువైంది. 1919లో నష్టానికి అమ్మేశారు. కొడుకు కట్టిన మొదటి సొంత ప్రాజెక్టులో కన్నవాళ్ల డబ్బు పోవడం ఆయన్ని ఎంత కలచివేసి ఉంటుందో ఊహించగలను. తర్వాత 1923-24లో జెనీవా సరస్సు ఒడ్డున వాళ్లకి చాలా చిన్న ఇల్లు కట్టిపెట్టాడు. దానికి పదకొండు మీటర్ల పొడవైన ఒకే ఒక్క అడ్డకిటికీ ఉంటుంది. తల్లి 1960లో చనిపోయేదాకా అక్కడే ఉంది.

1912లోనే పక్క ఊరు లె లోక్ల్‌లో జెనిత్ గడియారాల కంపెనీ పెట్టిన జార్జ్ ఫావ్ర్-జాకోకి కట్టిన ఇల్లు మరింత బాహాటంగా క్లాసికల్‌ది. అందులో ఒక్క విషయం చెప్పి వదిలేస్తాను. తలుపు ముందు ముంగిలి వంపు తిరిగి ఉంటుంది, వచ్చిన బండి అక్కడే గుండ్రంగా తిరిగి వెళ్లేలా. విల్లా సవ్వాలో కింది అంతస్తు గాజు గోడ ఎందుకు వంగిందని అడిగితే ప్రతి విద్యార్థీ చెప్పే జవాబు కూడా అదే: కారు తిరగడానికి. 1912లో ఇంటి ముందున్న వంపుని 1928లో ఇంటి కిందికి తెచ్చాడు.

ఈ ఇళ్లకీ ష్వోబ్ ఇంటికీ మధ్యలో 1914 యుద్ధం వచ్చింది. ఆ ఏడే దామ్-ఇనో అని ఒక బొమ్మ గీశాడు. కూలిపోయిన ఊళ్లని త్వరగా కట్టుకోవడానికి మూడు స్లాబులు, ఆరు పిల్లర్లు, ఒక మెట్ల వరస, అంతే. గోడలు లేవు. మన ఊళ్లలో ఇప్పుడు పిల్లర్లు లేపి, సెంట్రింగ్ కొట్టి, స్లాబ్ వేసి, తర్వాత తీరిగ్గా గోడలు కట్టుకునే పద్ధతికి ఆ బొమ్మ కన్నా స్పష్టమైన బొమ్మ లేదు. ఆ అస్థిపంజరం చేతిలో ఉన్నవాడు 1916లో ష్వోబ్ ఇంటికి కూర్చుంటే ఏం గీశాడు? అడ్డగోలు పెట్టె గీయలేదు. కాంక్రీట్ ఫ్రేమ్ మీద, చదునైన కప్పు కింద, పాతకాలపు ఇటలీ ఆర్కిటెక్ట్ పల్లాడియో చూసి తలూపదగ్గ ప్లాను గీశాడు. మధ్యలో రెండంతస్తుల ఎత్తున హాలు. తోట వైపు ఆ హాలంత ఎత్తు కిటికీ, ఆ కొండల చలికి తట్టుకునేలా రెండు పొరల అద్దం, వాటి మధ్య వేడి గొట్టాలు. హాలుకి అటూ ఇటూ అర్ధచంద్రాకారంగా ఉబ్బిన గదులు. పైన కంటికి కొట్టొచ్చేంత బరువైన కార్నిస్, అంటే గోడ పై అంచున ముందుకి పొడుచుకొచ్చే పట్టీ. ఊరివాళ్లు దాన్ని టర్కీ విల్లా అన్నారు. ఖర్చు అంచనాలు దాటిపోయి వ్యవహారం కోర్టుకెక్కింది. 1917లో ఆయన ఊరు విడిచి పారిస్‌ వెళ్లిపోయాడు.

వీధి వైపు ముఖం గురించి విడిగా చెప్పాలి. ఇటుక చట్రం మధ్యలో పెద్ద తెల్లటి పలక. ఖాళీ. కిటికీ ఉండాల్సిన చోట, బొమ్మో శాసనమో ఉండాల్సిన చోట ఏమీ లేదు. పక్కన రెండు కోలకంటి కిటికీలు. 1950లో కాలిన్ రో అనే బ్రిటిష్ విమర్శకుడు ఈ ఖాళీ పలక దగ్గరే మొదలుపెట్టి, ఇటలీలో 16వ శతాబ్దపు ఇళ్ల ముఖాల మీద కూడా ఇలాంటి ఖాళీ పలకలున్నాయని చూపించాడు. రో రాసిన ఆ వ్యాసం ప్రతి ఆర్కిటెక్చర్ విద్యార్థీ చదవాలని నా కోరిక.

ఈ ముఖం మీదే 1921లో, మళ్లీ 1923 పుస్తకంలో, ఆయన గీతలు గీసి అచ్చు వేయించాడు. పద్ధతి తేలికే. ముఖం మొత్తానికి ఒక మూల నుంచి ఎదురు మూలకి ఏటవాలు గీత గీయాలి. తర్వాత కిటికీలకీ, గోడ ముక్కలకీ మూల గీతలు గీయాలి. అవి మొదటి గీతకి సమాంతరంగానో లంబంగానో వచ్చాయంటే పెద్ద దీర్ఘచతురస్రానికీ చిన్నవాటికీ నిష్పత్తి ఒకటే అని అర్థం. నిలువుగా ఉన్నదీ అడ్డంగా ఉన్నదీ ఒక కుటుంబంలోవే అన్నమాట. రోమ్‌లో మైకెలాంజిలో కట్టిన కాపిటోల్ మీద, వెర్సాయ్‌లోని చిన్న ట్రయనాన్ మీద ఇలాంటి గీతలే గీసి, వాటి సరసన తన ఇంటిని పెట్టాడు. ఆ గీతలు ఇల్లు కట్టాక గీసినవి కావచ్చు కదా అని ఎవరైనా అడగొచ్చు. కావచ్చు. అయినా నా వాదనకి నష్టం లేదు. తన ఇల్లు బాగుందని రుజువు చేయడానికి ఆయన ఎవరిని పిలిచాడన్నదే ఇక్కడ ముఖ్యం. ఇంజినీర్లని పిలవలేదు, మైకెలాంజిలోని పిలిచాడు.

“సరే, కుర్రతనంలో అలా చేశాడు, తర్వాత మారిపోయాడు” అనేది తరచూ వినే జవాబు. దానికి కాలిన్ రో 1947లోనే బదులిచ్చాడు. లె కొర్బూజియే 1926-28లో పారిస్ పక్కన గార్ష్‌లో కట్టిన విల్లాని, పల్లాడియో 16వ శతాబ్దంలో వెనిస్ దగ్గర కట్టిన మాల్కొంటెంటా విల్లాని పక్కపక్కన పెట్టాడు. రెండూ ఎనిమిది పాళ్ల వెడల్పు, ఐదున్నర పాళ్ల లోతు, ఐదు పాళ్ల ఎత్తు. రెండింటిలోనూ వెడల్పు 2:1:2:1:2 వరసలో విడిపోతుంది, వెడల్పు, ఇరుకు, వెడల్పు, ఇరుకు, వెడల్పు. ష్వోబ్ ఇల్లు కట్టి పదేళ్లయింది, తెల్ల పెట్టెలు వచ్చేశాయి, కార్నిస్ పోయింది, ఇటుక పోయింది. కొలత పోలేదు. గార్ష్ ఇంటి బొమ్మల మీద కూడా స్వర్ణ నిష్పత్తి (గోల్డెన్ రేషియో) సూత్రాన్ని స్వయంగా రాసి మరీ అచ్చు వేయించాడు.

ఇక్కడ నేను అవతలి వాదనకి ఇవ్వాల్సింది ఇవ్వాలి. గార్ష్ ఇల్లు మాల్కొంటెంటాకి నకలు కాదు. పల్లాడియో ఇంట్లో మధ్యలో శిలువ ఆకారపు హాలు ఉంటుంది, ఇల్లంతా అందులోంచి చూస్తే అర్థమవుతుంది. గార్ష్‌లో అలాంటి నడుమ లేదు. చూపు ఒక చోట నిలవకుండా అంచులకి జారిపోతుంది. పల్లాడియో గోడలు బరువు మోస్తాయి కాబట్టి గదులు ఒకదానిమీద ఒకటి కూర్చోవాలి. ఇక్కడ పిల్లర్లు మోస్తాయి కాబట్టి ప్రతి అంతస్తుకీ గోడ వంపులు వేరు. ఇది నిజంగా కొత్తది, దాని గొప్పదనం నేను కాదనను. కానీ ఆ కొత్తదనం మనకి తెలిసేది కూడా కింద ఆ పాత లెక్క కదలకుండా ఉండబట్టే. 2:1:2:1:2 అనే పట్టు లేకపోతే ఆ వంపు గోడలు ఊరికే వంకరగా కనిపించేవి.

చండీగఢ్ వెళ్లినప్పుడు అసెంబ్లీ ముందు చాలాసేపు నిలబడ్డాను. మన దేశంలో ఆయన చేసిన పనికి ఆ క్యాపిటల్ కాంప్లెక్సే తలమానికం. విశాలమైన కాంక్రీట్ మైదానం, దాని అంచున పలకల్లాంటి స్తంభాల వరస, వాటి మీద పైకి వంగిన కప్పు. లోపల స్తంభాల హాలు, అందులో గుండ్రటి సభ. చతురస్రం, దాని ముందు స్తంభాల వరస, దాని కడుపులో వృత్తం. బెర్లిన్‌లో షింకెల్ 1830 నాటికి పూర్తి చేసిన ఆల్టెస్ మ్యూజియం ప్లాను కూడా ఇదే: ముందు పద్దెనిమిది అయోనిక్ స్తంభాలు, మధ్యలో గుండ్రటి హాలు. బెరెన్స్ ఆఫీసు రోజుల్లో బెర్లిన్‌లో తిరిగిన కుర్రాడు నలభై ఏళ్ల తర్వాత పంజాబ్ మైదానంలో దాన్ని కాంక్రీట్‌లో తిరగరాశాడని నేను నమ్ముతాను. అమరావతి గురించి వాదనలు మొదలైన దగ్గర్నుంచి మన దగ్గర చండీగఢ్ పేరు మాటిమాటికీ వినిపిస్తోంది. సెక్టార్లు, రోడ్ల వెడల్పు, ఎకరాల లెక్క మాట్లాడతారు. ఆ అసెంబ్లీ స్తంభాలకి వెనక ఎంత పాత చదువు ఉందో ఒక్కరూ మాట్లాడగా నేను వినలేదు.

నేను ఇంత పట్టుదలగా ఈ ఇళ్ల గురించి రాయడానికి కారణం ఇక్కడ, మన వీధుల్లో ఉంది. ఇల్లు కట్టుకునేవాళ్లు నా దగ్గరికి వచ్చినప్పుడు ఫోన్‌లో రెండు రకాల బొమ్మలు చూపిస్తారు. ఒకటి ట్రెడిషనల్ ఎలివేషన్: రెడీమేడ్ రోమన్ పిల్లర్లు, వాటి మీద సిమెంటు పూలు, మెట్లకి బలుస్టర్లు. రెండోది మోడర్న్ ఎలివేషన్: తెల్ల పెట్టె, దాని మీద నల్ల చట్రం, గోడకి తొడిగే అల్యూమినియం (ఏసీపీ) షీట్లు, గాజు. రెండింటి వెనకా ఉన్న ఇల్లు ఒకటే. అదే సైటు, అవే పది అడుగుల స్లాబులు, షాపులో దొరికే సైజు కిటికీలు, వాస్తు ప్రకారం నాలుగు మూలల్లో ఇరికించిన గదులు. కిటికీకీ గోడకీ పొత్తు ఉందా, హాలు ఎత్తుకీ వెడల్పుకీ సంబంధం ఉందా, గేటు నుంచి పూజగది దాకా నడిచేటప్పుడు ఏం కనిపిస్తుంది అనే ప్రశ్నలు మాటల్లోకే రావు. నేను వాటిని ఎత్తితే ఇంటివాళ్లు శ్రద్ధగా వింటారు, చాలామందికి నచ్చుతుంది కూడా. వాళ్లలో లోపమేమీ లేదు. సంప్రదాయం అంటే అతికించే వస్తువు, ఆధునికం అంటే ఆ వస్తువు ఊడదీయడం అని వాళ్లకి నేర్పింది మా వృత్తి. మాకు అలా నేర్పినవాళ్లలో తన తొలి ఇళ్లని దాచిపెట్టిన ఆ పెద్దాయన కూడా ఉన్నాడు.

ఆయన ఎందుకు దాచాడో నాకు అర్థమవుతుంది. పారిస్‌లో కొత్త పేరుతో, కొత్త యుగం తనతోనే మొదలైందని చాటాలనుకున్న మనిషికి కార్నిసూ ఇటుక చట్రమూ అడ్డు. కానీ ఆయన అవసరం తీరిపోయి చాలాకాలమైంది. మనమింకా ఆ సంపుటి ప్రకారమే పాఠం చెబుతున్నాం. 2016లో యునెస్కో ఆయన కట్టడాలు పదిహేడింటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు చండీగఢ్ క్యాపిటల్ కాంప్లెక్స్ చేరింది, సరస్సు ఒడ్డున అమ్మకి కట్టిన చిన్నిల్లు చేరింది. తెల్ల ఇల్లూ లేదు, ష్వోబ్ ఇల్లూ లేదు. జాబితా 1923తో మొదలవుతుంది. అయితే తెల్ల ఇంటిని బాగుచేసి 2005లో జనానికి తెరిచారు, వెళ్లి చూడొచ్చు. స్విట్జర్లాండ్ టూర్ వెళ్లే మనవాళ్లలో ఆర్కిటెక్చర్ మీద ఇష్టమున్నవాళ్లు మంచు కొండల మధ్య దీనికీ ఒక పూట కేటాయించాలని నా విన్నపం.

మా ఆఫీసుకి ట్రైనింగ్‌కి వచ్చే పిల్లలకి నేను ఇచ్చే మొదటి పని ఇది. 1912 నాటి తెల్ల ఇంటి ప్లానూ, విల్లా సవ్వా ప్లానూ ఒకే స్కేలులో పక్కపక్కన గీయాలి. రెండింటిలోనూ రోడ్డు నుంచి ఆకాశం కనిపించే తోట దాకా మనిషి నడిచే దారిని ఎర్ర పెన్సిల్‌తో గుర్తు పెట్టాలి. స్తంభాలన్నిటికీ నల్లరంగు వేయాలి. తర్వాత ష్వోబ్ ఇంటి ముఖం ప్రింటు తీసి, మూల గీతలు వాళ్లంతట వాళ్లే గీయాలి, పుస్తకంలో ఆయన గీసినవి చూడకుండా. కొన్ని గీతలు చక్కగా కలుస్తాయి, కొన్ని కలవవు. కలవని చోట ఆయన లెక్క తప్పిందా, మన గీత తప్పిందా అని టీ తాగుతూ వాదించుకుంటాం. ఆ వాదన అయ్యాకే వాళ్ల చేతికి సొంత సైటు కాగితం ఇస్తాను.